ఎవరి కుడి

అక్కయ్య ముప్పై రెండేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ఆవిడకి సొంత పేరు లేకపోలేదు. ఆఫీసులో మాత్రం అందరికీ అక్కయ్యే, వెనకాల అచ్చుతప్పుల అక్కయ్య. తన చేతి మీదుగా పోయిన పుస్తకంలో ఒక్క తప్పు చూపిస్తే ఆ రోజే ఉద్యోగం మానేస్తానని పందెం కాసేది. ఎవరూ చూపించలేదు. చూపించాలంటే ముందు పుస్తకం చదవాలి కదా, ఆ ఓపిక ఎవరికుంది.

రిటైరయ్యాక దిద్దడానికి కాగితాల్లేక మనుషుల మీద పడింది. పాలవాడు రాసిపెట్టిన చీటీలో దీర్ఘం లేదని పొద్దున్నే అతన్ని గుమ్మంలో నిలబెట్టింది. భర్త స్నేహితులకి ఏదో చెప్పుకుంటుంటే మధ్యలో దూరి అది మంగళవారం కాదు, బుధవారం అంది. మూడు నెలలు తిరిగేసరికి ఆవిడ నోరు తెరిస్తే చాలు, ఇంట్లోవాళ్ళు తలో గదిలోకి జారుకునేవారు. మాట్లాడ్డానికి మనిషి లేకపోవడమంటే ఏమిటో అక్కయ్యకి అప్పుడే తెలిసొచ్చింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

అలాంటప్పుడు పేపర్లో ఒక ప్రకటన భర్త కంటపడింది. వికలాంగుల కోసం పది రోజుల వేసవి శిబిరం, సేవ చేయదలచినవారు పేరు ఇవ్వండి అని. "నీకు సరిగ్గా సరిపోతుంది, వెళ్ళు. పుణ్యం కూడా," అన్నాడు. ఆ పది రోజులు ఇంట్లో ఎంత హాయిగా ఉంటుందో ఆయన పైకి చెప్పలేదు, మొహం చెప్పింది.

సెలవులకి మూసేసిన బడిలో శిబిరం. బల్లలన్నీ వరండాలో ఒకదాని మీద ఒకటి ఎక్కించి, తరగతి గదుల్లో మంచాలు వేశారు. నల్లబల్ల మీద ఎవరో పిల్లలు సగంలో వదిలేసిన భాగహారం అలాగే ఉంది. మెట్ల మీద చక్రాల కుర్చీలు ఎక్కడానికి చెక్క పలకలు వేశారు గానీ, అవి ఎక్కేటప్పుడు ఒకరు వెనక నుంచి నెట్టాలి, ఇంకొకరు పలక జారకుండా కాలితో తొక్కిపట్టాలి. ముప్పై మంది వికలాంగులు, వాళ్ళని అక్కడ అతిథులనాలి, ముప్పై మంది సేవకులు. ఒకరికి ఒకరు, పది రోజులూ మార్పు లేదు.

దీన్నంతా నడిపేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో విజిలు వేలాడుతుంటుంది కాబట్టి ఆయన్ని విజిలు మాస్టారనేవారు. "ఇక్కడ మనం చూపించేది జాలి కాదు, స్నేహం," అని మొదటిరోజు ఉపన్యాసమిచ్చి, స్నేహం మొదలుపెట్టమని విజిలు ఊదాడు.

అక్కయ్యకి దొరికిన స్నేహితుడు చిన్నా. నలభై ఒక్కేళ్ళవాడు. పుట్టినప్పుడు ఊపిరందక కాళ్ళూ చేతులూ పట్టు తప్పాయి, మాట రాలేదు. తల్లి పెట్టిన ముద్దుపేరు అలాగే ఉండిపోయింది. చెంపల దగ్గర జుట్టు నెరిసినా చిన్నాయే.

ప్రతి అతిథికీ ఒక పరిచయ పత్రం నింపాలి. ఏం తింటారు, ఎలా తినిపించాలి, ఏ మందులు, దేనికి భయపడతారు, అన్నిటికంటే కింద "అవును, కాదు ఎలా చెబుతారు". అక్కయ్య బల్లకి ఇవతల కూర్చుని పెన్ను తీసింది. అవతల చిన్నా కుర్చీ. డెబ్బై దాటిన తల్లి అతని పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా స్టూలు జరుపుకుని కూర్చుంది. నలభై ఏళ్ళుగా అన్నం పెట్టినా, పేపరు చదివి వినిపించినా అలా పక్కన కూర్చునే. తల్లీకొడుకులిద్దరూ ఎప్పుడూ ఒకే వైపు తిరిగి ఉండేవాళ్ళు.

"కుడివైపు చూస్తే అవునని, ఎడమవైపు చూస్తే కాదని. అంతేనమ్మా, మిగతాదంతా మనలాగే," అంది తల్లి. "వాడికి అన్నీ అర్థమవుతాయి. నాకంటే ఎక్కువే. రేడియోలో వార్తలంటే చెవి కోసుకుంటాడు."

అక్కయ్య గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. కుడివైపు చూస్తే అవును. ఎడమవైపు చూస్తే కాదు. చుక్కలు కూడా సరిగ్గా పెట్టింది.

వెళ్ళేముందు తల్లి అక్కయ్యని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించింది. "నాకు మోకాళ్ళు పోయాయి తల్లీ. వీణ్ణి ఎత్తలేకపోతున్నాను. మా పెద్దోడు వికలాంగుల హాస్టల్లో చేర్పిద్దామంటున్నాడు. ఈ పది రోజులూ అందుకే పంపాను, బయట ఉండగలడో లేదో చూద్దామని. కానీ వాడు సరేనంటేనే పంపుతాను. వద్దన్నాడా, నా ప్రాణం పోయేదాకా వాడు నా దగ్గరే." ఆమె గేటుదాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కొచ్చింది. దుప్పటి చెప్పడం మర్చిపోయానంది, మందు చెప్పడం మర్చిపోయానంది, మూడోసారి ఏమీ చెప్పకుండా కొడుకు జుట్టు సవరించి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం బడి వెనక గాలి నింపే పెద్ద రబ్బరు తొట్టెలో నీళ్ళు పోశారు. అక్కయ్య చిన్నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "నీళ్ళలోకి దిగుదామా?" అని నెమ్మదిగా, స్పష్టంగా అడిగింది. అతను కళ్ళు తిప్పాడు. అక్కయ్య కుడిచేతి వైపు. అవునన్నమాట. నలుగురు పట్టి దించారు. అతను గొంతెత్తి అరుస్తుంటే, "చూశారా, ఎంత సంబరమో," అన్నాడు విజిలు మాస్టారు.

ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ మన కుడివైపు ఉంటుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అక్కయ్యకీ తెలుసు. తెలిసిన సంగతి సమయానికి గుర్తుకు రావాలిగా. చేతిలో కాగితముంది, కాగితం మీద కుడి అని ఉంది, తనకో కుడిచేయి ఉంది. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు.

అలా మొదలైంది. నాలుగు ముద్దలు పెట్టి "ఇంకా పెట్టనా?" అంటే అతను పెట్టమని చూసేవాడు, అక్కయ్య కంచం తీసేసేది. కడుపు నిండిందా అని మార్చి అడిగితే లేదని చూసేవాడు, అక్కయ్య మూతి తుడిచేసేది. రేడియో పెట్టనా అంటే పెట్టమన్నాడు, ఆవిడ కట్టేసింది. సాయంత్రం పాటల కార్యక్రమంలో పెద్ద స్పీకరు పక్కన కూర్చోబెట్టనా అంటే వద్దన్నాడు. తీసుకెళ్ళి స్పీకరుకి ఆనించి కూర్చోబెట్టింది.

వీటన్నిటికీ అక్కయ్య ఒక నోటుపుస్తకం పెట్టింది. "చిన్నా ఇష్టాలు" ఒక పక్క, "అయిష్టాలు" ఒక పక్క. నీళ్ళంటే ప్రాణం. సంగీతం గట్టిగా ఉండాలి. తిండి పక్షి తిన్నంత. వార్తలంటే గిట్టదు. ఈ చివరిది రాస్తున్నప్పుడు ఆవిడకి తల్లి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చి, పాపం, లోలోపల నవ్వుకుంది కూడా. కన్నతల్లికి తెలియని కొడుకుని తను రెండు రోజుల్లో కనిపెట్టేసింది.

"తల్లులు పిల్లల్ని పిల్లల్లాగే చూస్తారండీ," అంది విజిలు మాస్టారితో. "ఆవిడ తన ఇష్టాలన్నీ ఇతని మీద రుద్దింది. ఇన్నాళ్ళకి సొంతంగా చెప్పే అవకాశం వచ్చింది."

మాస్టారు ఆ మాటని నెత్తిన పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే అందర్నీ కూర్చోబెట్టి, మాట రాని మనిషి మనసు చదవడమంటే ఇదీ అని అక్కయ్యని లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. మిగతా సేవకులు తమ అతిథులతో చిక్కొస్తే ఆవిడ దగ్గరకి రావడం మొదలుపెట్టారు. ఇంట్లో ఆవిడ మాట వినే దిక్కు లేదు. ఇక్కడ ముప్పై మంది చెవులప్పగించి వింటున్నారు. అక్కయ్య ఉబ్బితబ్బిబ్బయింది. రోజూ మడత నలగని చీర కట్టుకోసాగింది.

నాలుగో రోజు మధ్యాహ్నం చిన్నా అన్న వచ్చాడు. మనిషి సన్నగా ఉంటాడు, మాట కూడా సన్నమే. కళ్ళజోళ్ళ షాపు అతనిది. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి రెండో కంటితో అక్షరాలు చదివించడం పని. అతను వచ్చేసరికి అక్కయ్య అన్నం పెడుతోంది.

"అమ్మ బాత్రూంలో పడిపోయిందండీ," అన్నాడు అన్న, తమ్ముడికి వినపడకుండా పక్కకి తిరిగి. "తుంటి విరిగింది. ఆసుపత్రిలో ఉంది. ఆపరేషన్ చేసినా మళ్ళీ మనిషిని ఎత్తే పని చెయ్యకూడదన్నారు. ఇక ఎప్పటికీ."

అక్కయ్య అయ్యో అంది. చెయ్యి ఆపకుండా నాలుగో ముద్ద పెట్టి, "ఇంకా పెట్టనా బాబూ?" అని అలవాటుగా అడిగింది. చిన్నా కళ్ళు తిప్పాడు. "చాలట," అని కంచం పక్కన పెట్టేసింది. సగం అన్నం అలాగే ఉంది. అన్న ఆ కంచాన్ని చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, అక్కయ్యని చూశాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని, షాపు తెరవాలని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి చిన్నాలో మార్పొచ్చింది. పెడుతున్నకొద్దీ తిన్నాడు. రేడియో పెట్టమన్నాడు. నీళ్ళ తొట్టె వద్దన్నాడు, స్పీకరు దగ్గరకి వద్దన్నాడు. అక్కయ్య నోటుపుస్తకంలో రెండు వైపులా కొట్టివేతలు నిండిపోయాయి. "మనిషి ఎదుగుతున్నాడు, అభిరుచులు మారుతున్నాయి," అని రాసుకుంది. మాస్టారు దాన్ని శిబిరం గొప్పతనం కింద జమకట్టుకున్నాడు.

ఏడో రోజు అన్న మళ్ళీ వచ్చాడు. హాస్టల్లో ఒక మంచం ఖాళీ అయిందట, వారం లోపల చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. హెడ్మాస్టరు గదిలో నలుగురూ కూర్చున్నారు. మాస్టారు పెద్ద కుర్చీలో, అన్న కిటికీ దగ్గర, చిన్నా గది మధ్యలో, ఎదురుగా అక్కయ్య.

"మీరే అడగండి," అన్నాడు అన్న. "నేనడిగానంటే అమ్మ నమ్మదు."

అక్కయ్య గొంతు సవరించుకుంది. ఇంత పెద్ద ప్రశ్న ఎవరినైనా అడగడం ఆవిడ జీవితంలో అదే మొదలు. "చిన్నా, మీ అమ్మ ఇక నిన్ను ఎత్తలేదట. హాస్టలని ఉంది. ఇక అక్కడే ఉండాలి. వెళ్తావా?"

చిన్నా ఆవిడ వైపు చూడనేలేదు. మెడ బలమంతా పెట్టి అన్న వైపు తిరిగి, అన్న తనని చూస్తున్నాడని తేల్చుకుని, అప్పుడు కళ్ళు ఒక పక్కకి తిప్పి అక్కడే నిలిపాడు. చాలాసేపు.

"అవునంటున్నాడు," అంది అక్కయ్య.

ఆ మాట చెవిన పడగానే చిన్నా ఒళ్ళంతా ఎగిరిపడింది. ఈసారి అక్కయ్య వైపు తిరిగాడు. కళ్ళు రెండో పక్కకి తిప్పాడు, కళ్ళతో పాటు తల కూడా విసిరాడు, తల వెళ్ళి కుర్చీ వెనక కమ్మీకి ఠంగుమని తగిలింది. గొంతులోంచి కీచుమని అరుపొచ్చింది. అక్కయ్య తికమకపడింది. ఇది కాదన్నట్టుంది కదా అనుకుంది, మాస్టారి వైపు చూసింది.

"సంతోషమమ్మా, ఒళ్ళు పట్టు తప్పుతుంది," అన్నాడు మాస్టారు. "మొదట చెప్పిందే మనసులో మాట. నేను ఎంతమందిని చూశాను."

అక్కయ్య సరేననుకుంది. ఎంతైనా ఆ మొదటి మాట చదివింది తనే. అన్న కిటికీలోంచి బయటకి చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "అయితే అమ్మకి చెబుతాను," అని లేచాడు.

తొమ్మిదో రోజు భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. చిన్నా వరండాలో నీడలో ఉన్నాడు. హాస్టలు వాళ్ళకి పరిచయ పత్రం కాపీ కావాలన్నారని అక్కయ్య పక్క గదిలో కూర్చుని శుభ్రంగా తిరిగి రాస్తోంది. ముప్పై రెండేళ్ళ అలవాటు, పెన్నుతో పాటు చేతిలో పెన్సిలు కూడా ఉంటుంది. తినేవి రాసింది. మందులు రాసింది. చివరి వాక్యానికొచ్చింది. కుడివైపు చూస్తే అవును.

పెన్సిలు దానంతటదే ఆగింది. ఇలాంటి వాక్యం ఏ రచయిత రాసినా ఆవిడ పక్కన గీత గీసి, ప్రశ్నార్థకం పెట్టి, వెనక్కి పంపేది. అర్థం రెండు విధాలుగా వస్తోంది, సరిచేయగలరు అని. ఎవరి కుడి?

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. తర్వాత తన కుడిచేయి చూసుకుంది. బల్లకి అవతల ఒక కుర్చీ ఉందనుకుని, అందులో ఒక మనిషిని ఊహించుకుని, ఆ మనిషి కుడిచేయి ఎటుందో వేలితో చూపించుకుంది. అది తన ఎడమచేతి వైపుంది. లేచి వరండాలోకి వచ్చి, చిన్నా పక్కన, అతని తల్లి కూర్చున్నట్టే భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఇద్దరి ముందూ ఖాళీ ఆటస్థలం ఎండలో మెరుస్తోంది.

"చిన్నా," అంది. "నాతో మాట్లాడినట్టు కాదు. మీ అమ్మతో చెప్పినట్టు చెప్పు. నీకు అన్నయ్య ఉన్నాడా?"

అతను చటుక్కున కుడివైపు చూశాడు. ఇప్పుడు అది ఇద్దరికీ కుడే.

"నీళ్ళంటే ఇష్టమా?"

ఎడమ.

"నాకు తప్పుగా అర్థమవుతోందని నీకు తెలుసా?"

కుడి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

అక్కయ్యకి అప్పుడు ఒక్కొక్కటే అర్థమైంది. నాలుగు రోజులు ఆకలితో మాడి, ఈవిడ మారదని తెలుసుకుని, అయిదో రోజు నుంచి అతనే మారాడు. నలభై ఏళ్ళ సొంత భాషని తిరగేసి, ఈవిడ తప్పుని నేర్చుకున్నాడు. అన్నం దొరకాలి కాబట్టి నేర్చుకున్నాడు. ఆ రోజు హెడ్మాస్టరు గదిలో అన్న ఉన్నాడు గనక ఇంటి భాషలో చెప్పాడు. ఈవిడ అవునంటున్నాడని చాటేసరికి హడలిపోయి ఈవిడ భాషలో మళ్ళీ చెప్పాడు. రెండు భాషల్లోనూ వద్దనే అన్నాడు. తల బద్దలు కొట్టుకుని మరీ అన్నాడు.

"హాస్టల్‌కి వెళ్తావా?" అని అడిగింది. అడగకపోయినా తెలుసు.

ఎడమవైపు తిరిగిన కళ్ళు ఎంతకీ వెనక్కి రాలేదు.

"నేను చెబుతాను," అంది అక్కయ్య అతని చెయ్యి పట్టుకుని. "రేపు మీ అన్నయ్యతో చెబుతాను. నిన్ను పంపనివ్వను. నాది పూచీ."

అతను కుడివైపు చూశాడు. తర్వాత తల ఆవిడ భుజం మీద వాల్చేశాడు. ఎంత బరువుందో ఆ తల. అంత బరువుని ఆ ముసలామె నలభై ఏళ్ళు మోసింది.

సాయంత్రం మాస్టారికి చెప్పింది. ఆయన చెట్టు కింద కుర్చీలు వేయిస్తున్నాడు. అంతా విని విజిలుని వేళ్ళ మధ్య తిప్పాడు.

"చూడండక్కయ్యా. రేపు ముప్పై కుటుంబాలొస్తాయి. ఆ పత్రం మీద మీ సంతకముంది. మనసు చదివే మనిషని మిమ్మల్ని అందరి ముందూ నిలబెట్టింది నేను. ఇప్పుడు అదంతా కాదని, పది రోజులూ తారుమారుగా చదివామని అంటే, మిగతావాళ్ళ మాటేమిటని ప్రతి తల్లీ అడుగుతుంది. వాళ్ళ ఇంటి సంగతి వాళ్ళు చూసుకుంటారు. మనం పది రోజుల మనుషులం."

అక్కయ్యకి ఒళ్ళు మండింది. వాళ్ళన్నతోనే తేల్చుకుంటానని వచ్చేసింది.

పదో రోజు పొద్దున అన్న వ్యాను మాట్లాడుకుని వచ్చాడు. వెనక తలుపు తీసి చెక్క పలక వాల్చాడు. లోపల చిన్నా బట్టల పెట్టె, దుప్పటి, పాత రేడియో సర్దేసి ఉన్నాయి. ఇంటికి కాదు, ఇటు నుంచి ఇటే హాస్టల్‌కి. అక్కయ్య చిన్నా కుర్చీ నెట్టుకుంటూ గేటుదాకా వచ్చి ఆగింది.

"మీతో ఒక మాట చెప్పాలి. నేను తప్పు చేశాను," అంది. ఆ వాక్యం ఆవిడ నోటి నుంచి రావడం ఎవరూ వినలేదు ఇంతవరకు. "కుడి ఎడమలు తిరగేసి చదివాను. ఆయన హాస్టల్‌కి రానన్నారు. నిన్న మళ్ళీ అడిగాను. రానన్నారు."

అన్న పలక సరిచేస్తూ తలెత్తలేదు. "తెలుసండీ."

"మీకెలా తెలుసు?" అంది అక్కయ్య.

"రోజంతా నా పనే అది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ కుడికన్ను నాకు ఎడమచేతి వైపుంటుంది. ఆ రోజు మీరు కంచం తీసేసినప్పుడే చూశాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే నోరు తెరిచానండీ." అతను నిటారుగా నిలబడి చేతులు దులుపుకున్నాడు. "అప్పటికి డాక్టరు అమ్మ సంగతి తేల్చి చెప్పి గంటే అయింది. మీరిలా తిరగేసి చదువుతుంటే ఇలాగే ఉండనిస్తే మంచిదేమో అనిపించింది. అంతే. ఇందులో పెద్ద కుట్రేం లేదు."

"తమ్ముడు వద్దంటుంటే..."

"వద్దనే అంటాడు. వాడి చోట నేనున్నా వద్దనే అంటాను. మీరూ అంటారు." గొంతు పెంచలేదతను. "నేనుండేది మూడో అంతస్తులో రెండు గదుల్లో. లిఫ్టు లేదు. నేనూ నా భార్యా పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాం. అమ్మ మంచం దిగలేదు. ఇంటికి తీసుకెళ్తాను, సరే. పొద్దున వాణ్ణి లేపేదెవరు, కడిగేదెవరు, తినిపించేదెవరు? మీరొస్తారా?"

అక్కయ్య అతని మొహంలోకి చూసింది. అతను వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగాడు. వస్తానంటే రమ్మనేలా ఉన్నాడు.

"రోజూనండీ. పది రోజులు కాదు."

ఆవిడకి తన ఇల్లు కళ్ళ ముందు మెదిలింది. తన మంచం, తన టీ, మధ్యాహ్నం కునుకు, నడుంనొప్పి. ఏ ఒక్కటీ వదులుకోలేనంత గొప్పది కాదు. వస్తానన్న మాట గొంతుదాకా వచ్చిందేమో కూడా. అక్కణ్ణుంచి పైకి రాలేదు. కుర్చీలో చిన్నా తలెత్తి ఆవిడనే చూస్తున్నాడు. అతనికి అన్నీ అర్థమవుతాయని తల్లి మొదటిరోజే చెప్పింది.

అన్న జేబులోంచి ఫోను తీశాడు. "అమ్మ మిమ్మల్ని అడుగుతోంది. నేను చెబితే నమ్మట్లేదు. మీ ఇష్టం, ఏం చెప్పాలనుకుంటే అది చెప్పండి. నేను అడ్డం రాను." నంబరు కలిపి ఆవిడ చేతిలో పెట్టాడు.

"క్యాంపులో అమ్మాయివేనా?" తల్లి గొంతు నూతిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపించింది. "చిన్నా ఒప్పుకున్నాడని పెద్దోడు చెప్పాడు. ఆ పెద్దోడు నా అవస్థ చూడలేక ఏమైనా చెబుతాడు. నువ్వు బయటిదానివి తల్లీ. నాకు అబద్ధం చెప్పాల్సిన పని నీకేముంది. నువ్వు చెప్పు. వాడే అన్నాడా?"

చిన్నా కళ్ళు ఎడమకి తిరిగాయి. నల్లగుడ్డు మూలకిపోయి తెల్లగుడ్డు మాత్రమే కనిపించేంతగా తిరిగాయి. పది రోజుల్లో మొదటిసారి అక్కయ్య తప్పు లేకుండా చదువుతోంది.

"అన్నాడమ్మా," అంది. "సరేనన్నాడు."

చిన్నా గొంతులోంచి అరుపు మొదలైంది. మొదట సన్నగా, తర్వాత గేటు దగ్గరున్న వాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా. అక్కయ్య ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది గానీ అప్పటికే వినపడిపోయింది.

"ఏడుస్తున్నాడా?" అంది తల్లి.

"లేదమ్మా. నవ్వుతున్నాడు."

అవతల వింటున్నది కన్నతల్లి. నలభై ఒక్కేళ్ళు ఆ గొంతు విన్న మనిషి. అందులో ఏది నవ్వో ఏది ఏడుపో ఆమెకి ఇంకొకరు చెప్పాలా.

"అలాగేలే తల్లీ," అంది చివరికి. "నువ్వు చెప్పావుగా." ఫోను పెట్టేసింది.

అన్న ఫోను తీసుకుని, థాంక్సండీ అని, కుర్చీని పలక మీదుగా ఎక్కించాడు. పలక జారకుండా అక్కయ్యే కాలితో తొక్కిపట్టింది. అరుపు ఆగిపోయింది. బెల్టు పెట్టడానికి ఆవిడ లోపలికి వంగి, ఏదైనా చెప్పాలని, కనీసం అతను తిట్టినా సరే వినాలని, "చిన్నా," అని పిలిచింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. అతనికున్న మాటలన్నీ ఆ కళ్ళలోనే. ఇంకోసారి పిలిచింది. భుజం పట్టి కదిపి కూడా చూసింది. వ్యాను గేటు దాటి మలుపు తిరిగేదాకా అతను కళ్ళు తెరవలేదు.